వియ్యంకుల వెబ్‌సైట్లు

ఏ పని ఒప్పుకున్నా జక్రయ్య ముందు నకలు తీసుకుంటాడు. హార్డ్‌డిస్కును చొక్కా అంచుతో తుడిచి, వైరు కొసను ఉఫ్ఫున ఊది, కంప్యూటరుకు తగిలించాడు. ఎడమచేత్తో వైరు పట్టుకుని కుడిచేత్తో శశిభూషణ్ గారి సైటు మొత్తాన్ని అందులోకి దించడం మొదలుపెట్టాడు. అదయ్యాక శేషాచలం మాస్టారి సైటు. రెండూ దిగేదాకా వైరు వదల్లేదు. వదిలితే ఊడిపోతుందని కాదు, వైరు కొత్తదే. ఒక చెయ్యి ఊరికే ఉంటే అతనికి పని జరుగుతున్నట్టు అనిపించదు.

చిలకలూరిపేటలో ఏళ్ల తరబడి బోర్డులు రాసిన చెయ్యి అది. పురుగుమందుల కొట్లు, పత్తి విత్తనాల కొట్లు, ట్యూషన్ సెంటర్లు, చర్చి గోడలమీద వాక్యాలు, ఇవన్నీ జక్రయ్య రాతలే. ఫ్లెక్సీలు వచ్చి కుంచెను మూలన కూర్చోబెట్టాక కొన్నాళ్లు ఫ్లెక్సీలను తిట్టాడు. తిడితే గిరాకీ వెనక్కి రాదని తెలిశాక పాత కంప్యూటరొకటి కొని వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఒకటి విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. పాత పద్ధతులు మాత్రం వదల్లేదు. బోర్డుమీది రంగు గీకేముందు ట్రేసింగ్ కాగితం పరిచి పాత అక్షరాలు దించుకునేవాడు. కొత్తది చూశాక ‘పాతదే బాగుందయ్యా’ అనే యజమానులు ఎక్కువ కనుక. ఇప్పుడూ అంతే. సైటు ‘చేశాను’ అనడు, ‘రాశాను’ అంటాడు.

అతని భార్య ఎలీసమ్మ అంగన్‌వాడీ టీచరు. “కుర్చీలో కూర్చుని కూడా నిచ్చెనమీద ఉన్నట్టు మొహం పెడతావేమయ్యా” అంటుంది ఆవిడ.

ఇప్పుడు నకలు తీసుకుంటున్న రెండు సైట్లూ జక్రయ్య రాసినవే. శశిభూషణ్ గారిది నరసరావుపేట. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాక, సొంత పొలంలో పండిన మిరపకాయలను కారం పట్టించి అమ్ముతున్నారు. సైటు పేరు ‘పేట ఎర్రకారం’. శేషాచలం గారిది అద్దంకి. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనా రిటైరయ్యాకే మొదలుపెట్టారు. కారంతోపాటు కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి. సైటు పేరు ‘అద్దంకి వంటపొడులు’. ఈ మాఘమాసంలో శశిభూషణ్ గారబ్బాయి రామకాంత్‌కు మాస్టారి అమ్మాయి శ్రీజను ఇచ్చి పెళ్లి చేశారు. పిల్లలు ఒకటయ్యాక సైట్లు రెండెందుకన్న ఆలోచన ఏ వియ్యంకుడికి ముందు వచ్చిందో తెలియదు. అడిగితే ఇద్దరూ ‘మా బావగారికే వచ్చింది’ అంటారు.

ఆ ముందురోజు ఇద్దరూ కలిసి జక్రయ్య కొట్టుకు వచ్చారు. కొట్టంటే మార్కెట్ వెనక సందులో ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. వాటిలో ఒకదానికే మెత్త ఉంది. దాంతో చిక్కొచ్చి పడింది.

“కూర్చోండి బావగారూ,” అన్నారు మాస్టారు, మెత్త ఉన్న కుర్చీ చూపించి.

“అబ్బే, మీరు కూర్చోవాలి. వయసులో పెద్దవారు.”

“వయసుదేముందండీ. మగపెళ్లివారు మీరు.”

“ఆ తేడాలు మా ఇంట్లో లేవు బావగారూ. కూర్చోండి మీరు.”

కుర్చీలు రెండూ ఖాళీగా ఉండగా ముగ్గురూ నిలబడే మాట్లాడుకున్నారు. సైటు పైన ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మళ్లీ అదే వరస. మా బావగారిదంటే మా బావగారిది. జక్రయ్య తల అటూ ఇటూ తిప్పి మెడ నొప్పి తెచ్చుకున్నాడు.

మామూలుగా జక్రయ్య మాటల మనిషి కాదు. మాటలెక్కువ ఉన్నవాడి చేతిలో గీత వంకర పోతుందని అతని నమ్మకం. కానీ ఆ రోజు ఎదురుగా ఒక లెక్కల మాస్టారు, ఒక బ్యాంకు మేనేజరు నిలబడి తను చెప్పేది వింటుంటే, నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఇదివరకు కొట్టు వేరే వీధికి మారితే పాత గోడమీద నాచేత రాయించేవాళ్లండీ, ఫలానా కొట్టు ఫలానా చోటికి మారింది అని. కింద బాణం గుర్తు. సైటుకైనా అంతే. మీ పేరుతో లోపలికెళితే ఫార్వర్డ్ అని ఉంటుంది. అందులో రెండో సైటు అడ్రసు కొట్టి నొక్కితే చాలు, మీ గుమ్మంలోకి వచ్చినవాళ్లు తిన్నగా అటెళ్లిపోతారు. ఎంతోసేపు పట్టదు.”

అంతటితో ఊరుకోకుండా ఇద్దరికీ అది ఎక్కడుందో తెరిచి చూపించాడు. పాస్‌వర్డ్‌లు పాతబడ్డాయి మార్చుకోమన్నాడు. మార్చాక ఫోన్లో ఎవరికీ చెప్పొద్దన్నాడు. “నేనడిగినా సరే చెప్పొద్దు” అని కూడా అన్నాడు. వినేవాళ్లు తలలూపుతుంటే ఉపన్యాసం ఎంత తీపిగా ఉంటుందో జక్రయ్యకు ఆ రోజే తెలిసింది.

చివర్లో మాస్టారు గొంతు సవరించుకున్నారు. “ఒక సంగతి జక్రయ్యా. మా సైట్లో అమ్మాయి రాసిన పేజీలున్నాయి చూడూ, ‘ఏ కూరకు ఏ కారం’ అని. అవి తీసేయ్. చదువుకునే రోజుల్లో సరదాగా రాసుకున్న చిన్నపిల్ల రాతలు. బావగారి కారం పక్కన అవేం బాగుంటాయి.”

శశిభూషణ్ గారు నోరు తెరిచి, మూశారు. తన సైటులో ఏముంచాలో ఏం తీయాలో మాస్టారే చెప్పాక కాదనడం మర్యాద కాదు. “మీరెలా అంటే అలా బావగారూ,” అన్నారు.

అలా ఆ పేజీలకు ఉద్వాసన ఖాయమైంది. అవి పోవాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.

వెళ్లిన కాసేపటికి శశిభూషణ్ గారు కళ్లజోడు మరిచిపోయానంటూ ఒక్కరే వెనక్కి వచ్చారు. కళ్లజోడు ఆయన ముక్కుమీదే ఉంది. “పేరు మా బావగారిదే ముందు పెట్టండి జక్రయ్య గారూ. మాట మాటే. కాకపోతే మాది కాస్త ఎరుపులో పెడితే... కారం కదా, నప్పుతుంది.” ఆయన అటు వెళ్లగానే ఫోను మోగింది. బస్టాండునుంచి మాస్టారు. “జక్రయ్యా, వాళ్ల పేరే ముందు. తెలిసిందా. మనది రెండోదైనా లావుపాటి అక్షరాల్లో ఉండనీ. వయసు మళ్లినవాళ్లు చదవాలి గదా.”

నకలు తీయడం పూర్తయ్యాక జక్రయ్య ఇంకో అలవాటు పని చేశాడు. జనం ఏ దారిన వస్తున్నారో చూశాడు. బోర్డు పెట్టేముందు ఎదురుగా నిలబడి మనుషులు ఎటునుంచి నడుస్తారో చూడటం లాంటిదే ఇది. రెండు సైట్ల ముందు గుమ్మాల్లోంచి వచ్చేవాళ్లు తక్కువ. వంకాయ కారానికి ఏ మిరప వాడాలి, గోంగూరలోకి ఎండుమిరప ఎందుకు, ఆవకాయకు కొలత ఏమిటి అని గూగుల్లో వెతుక్కుంటూ శ్రీజ రాసిన పేజీల్లోకి వచ్చి, అక్కడినుంచి కారం కొనుక్కునేవాళ్లే ఎక్కువ. మాస్టారు తీసేయమన్న పేజీల మీదే మాస్టారి కొట్టు నడుస్తోంది. వియ్యంకుడి కొట్టుకు సగం గిరాకీ కూడా ఆ పేజీల్లో ‘దీనికి పేట ఎర్రకారం మంచిది’ అని రాసినచోటినుంచే పోతోంది, పెళ్లికి ముందునుంచే.

అసలు కలపాలా అన్న అనుమానం అతనికి అప్పుడు వచ్చింది. సరుకు కలపొచ్చు. పార్సిళ్లు ఒకచోటినుంచే పంపొచ్చు. రాత మాత్రం సరుకు కాదు గదా.

అతను ఆ ఆలోచనలో ఉండగా శ్రీజ ఫోన్ చేసింది.

“అంకుల్, కలిపే పని మొదలైందా?”

“నకలు తీశానమ్మా.”

“నా పేజీలు తీసేస్తున్నారట కదా.”

“నాన్నగారు అలా అన్నారు.”

శ్రీజ అవతల మిక్సీ ఆపింది. “తీసేస్తే తీసేయనీయండి. ఒకటి మాత్రం అడుగుతాను. అవి ఎనిమిదో తరగతినుంచి డిగ్రీ అయ్యేదాకా మా నాయనమ్మ పక్కన కూర్చుని రాసుకున్నవి. ఆవిడిప్పుడు లేరు. ఒక కాపీ నాకు పంపండి. నేను అడిగానని మాత్రం నాన్నకీ చెప్పొద్దు, మామయ్యగారికీ చెప్పొద్దు. వచ్చి మూడు నెలలు కాలేదు, అప్పుడే నోరు విప్పిందనుకుంటారు.”

“అలాగేనమ్మా,” అన్నాడు జక్రయ్య.

రాత్రి అన్నం దగ్గర సంగతంతా ఎలీసమ్మకు చెప్పాడు.

“ఓ మాటతో పోయేదానికి ఇంత తిప్పలేంటయ్యా. ఆ పిల్ల వెళ్లి ఉంచండి మామయ్యగారూ అంటే సరిపోద్దిగా.”

“అంటే ఆయన, మీ నాన్నే తీసేయమన్నాడుగా అంటాడు. వాళ్ల నాన్నకు తెలిస్తే, అత్తారింట్లో అప్పుడే పెత్తనమా అంటాడు.”

“మరి నువ్వు చెప్పు.”

“చెప్పొద్దంది.”

“అయితే ఏం చేస్తావు?”

“నకలు తీసుంచాను.”

“నకలేం చేసుకుంటావు, నెయ్యేసుకు కలుపుకుంటావా?” అని ఎలీసమ్మ మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది. “అక్కరలేని రోజున అంత ప్రసంగం చేశావు. మాట్లాడాల్సొచ్చేసరికి నోట్లో వైరు పెట్టుకు కూర్చున్నావు.”

సోమవారం ఇద్దరినీ పిలిచి, శ్రీజ పేరెత్తకుండా జనం వస్తున్న దారులు చూపిద్దామని జక్రయ్య అనుకున్నాడు. మధ్యలో ఆదివారం వచ్చింది.

ఆదివారం ఆరాధనకు వెళితే జక్రయ్య ఫోను కట్టేస్తాడు. చర్చినుంచి బయటికొచ్చి ఆన్ చేయగానే అది గిలగిల్లాడింది. ముందు శశిభూషణ్ గారు.

“జక్రయ్య గారూ, మా సైటు తెరుచుకోవట్లేదు. పొద్దుటినుంచి ఒకటే ఫోన్లు. మా బావగారిదీ తెరుచుకోవట్లేదట. ఆవకాయల సీజన్ ఇది.”

“మీరేమైనా నొక్కారా సార్?”

“నేనా? నేనసలు ముట్టుకోలేదే.” ఆ ‘అసలు’ కాస్త సాగింది.

తరవాత మాస్టారు. “నేనేం చేయలేదు జక్రయ్యా. చేస్తే గీస్తే నీకు చెప్పి చేస్తాను గదా.”

“పాస్‌వర్డ్ చెప్పండి మాస్టారూ, ఇక్కడినుంచే చూస్తాను.”

“నువ్వడిగినా చెప్పొద్దన్నావుగా.”

శశిభూషణ్ గారూ అదే మాట అన్నారు. బ్యాంకులో పనిచేసిన మనిషి, ఆ విషయంలో ఇంకా గట్టిగా అన్నారు. పక్కన నిలబడి వింటున్న ఎలీసమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జక్రయ్య ఆమె వంక చూడకుండా ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్కు సంచిలో వేసుకుని నరసరావుపేట బస్సెక్కాడు.

అతను వెళ్లేసరికి మాస్టారు అద్దంకినుంచి వచ్చేశారు. హాల్లో సోఫా ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఇద్దరూ ఫ్యాను వంక చూస్తున్నారు. లోపల వంటింట్లో ఆవాలు వేయిస్తున్న వాసన. జక్రయ్య బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి పేట ఎర్రకారం అడ్రసు కొట్టాడు. తెర తిరిగింది, తిరిగింది, తెరవలేనని చెప్పేసింది. అద్దంకి అడ్రసు కొట్టాడు. అదీ అంతే.

“పాస్‌వర్డ్ మీరే కొట్టండి సార్. నేనిటు తిరుగుతాను.”

శశిభూషణ్ గారు చూపుడువేలితో ఒక్కో అక్షరం కొట్టారు. జక్రయ్య వెనక్కి తిరిగి చూస్తే ఫార్వర్డ్ అన్నచోట అద్దంకి సైటు అడ్రసు శుభ్రంగా టైపుచేసి ఉంది. మాస్టారి వంతు వచ్చింది. అక్కడ పేట ఎర్రకారం అడ్రసు.

జక్రయ్యకు సంగతి అర్థమై నవ్వొచ్చింది. నవ్వకుండా దవడ బిగించాడు.

“సార్, మీరు నిన్న మీ సైటుకు వచ్చేవాళ్లందరినీ మాస్టారి సైటుకు వెళ్లమన్నారు.”

శశిభూషణ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “బావగారికి చెప్పకుండా చేసి ఆశ్చర్యపరుద్దామని... ఆయన పేరే నిలవాలని...”

“మాస్టారూ, మీరు మీ సైటుకు వచ్చేవాళ్లందరినీ సారు సైటుకు వెళ్లమన్నారు.”

“నేనూ అదే అనుకున్నాను జక్రయ్యా. ఆడపిల్లవాళ్లం, మన పేరెందుకని...”

“అంటే వచ్చిన మనిషి పేటలో తలుపు తడితే అద్దంకి పొమ్మంటున్నారు, అద్దంకి వెళితే పేటకు పొమ్మంటున్నారు. నిన్నటినుంచి మీ గిరాకీ అంతా రోడ్డుమీద తిరుగుతోందండీ, ఈ ఎండలో.”

“ఎంత పని చేశారు బావగారూ,” అన్నారు శశిభూషణ్ గారు. “అంత త్యాగమా?”

“మీ ముందు నాదేపాటి బావగారూ.”

మళ్లీ మొదలవబోతోందని గ్రహించి జక్రయ్య రెండు ఫార్వర్డులూ గబగబా చెరిపేశాడు. “తీసేశాను. కాకపోతే సర్దుకోవడానికి సాయంత్రమవుద్ది. అందాకా దేన్నీ ముట్టుకోకండి. చెప్పిచేసినా సరే, చెప్పకుండా చేసినా సరే.”

అప్పుడే మాస్టారి ఫోను మోగింది. ఆయనకు ఫోను చెవిదగ్గర పెట్టుకునే అలవాటు లేదు. స్పీకరు నొక్కి అరచేతిలో పెట్టుకుని మాట్లాడతారు.

“అద్దంకి వంటపొడుల వాళ్లేనా? ఆవకాయ పేజీ ఏమైందండీ?” అంది ఒకావిడ. విజయవాడనుంచట. “కాయలు కొట్టించేశాను. ముక్కలు తుడిచి గుడ్డమీద ఆరబెట్టాను. ఏటా ఆ పేజీ ముందు పెట్టుకునే కలుపుతాను. ఇప్పుడు చూస్తే రాదు.”

“సైటు బాగుచేస్తున్నామమ్మా. కారం కావాలంటే సాయంత్రం...”

“కారం మీదే ఉందండీ. కొలత కావాలి.”

మాస్టారు లెక్కల మాస్టారే అయినా ఈ లెక్క ఎప్పుడూ చేయలేదు. “అది మా అమ్మాయి సరదాగా రాసిందమ్మా. ఎలాగూ తీసేద్దామని...”

“తీసేయడమేంటి? ఎవరు తీసేసేది?” ఆవిడ గొంతు లేచింది. “ఆ పేజీ చూసి మీ కారం కొంటున్నానుగానీ, మీ కారం చూసి ఆ పేజీ చదువుతున్నానా? ముక్కలు ఎండిపోతున్నాయి, త్వరగా చెప్పండి.”

మాస్టారు జక్రయ్య వంక చూశారు. “ఆ పేజీ నీ దగ్గరుందా?”

ఉంది. కాళ్ల దగ్గరి సంచిలోనే ఉంది. తీసి తగిలిస్తే ఆవకాయ కొలతలు అరనిమిషంలో తెరమీదికి వస్తాయి. జక్రయ్య ఒక్కసారి సంచి వంక చూశాడు. తరవాత ల్యాప్‌టాప్ చార్జింగ్ వైరుకు ఏదో పెద్ద చిక్కు పడినట్టు దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. “నాకేం తెలుసు మాస్టారూ, నేను అక్షరాలు రాసేవాణ్ణి. కొలతలు రాసినవాళ్లను అడగాలి,” అన్నాడు తల ఎత్తకుండా.

ఆవిడ ఇంకోసారి కసిరింది. శశిభూషణ్ గారు లేచి, ఫోను మాస్టారి అరచేతిలోంచి తనే తీసుకుని వంటింటి గుమ్మం దాకా నడిచారు. “అమ్మా శ్రీజా, ఒకసారి రా.”

శ్రీజ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మామగారి చేతిలో ఫోను, సోఫాలో తండ్రి, బల్లదగ్గర జక్రయ్య. ఒక్కక్షణం తడబడింది. ఫోనులోంచి ‘ముక్కలు ఆరిపోతున్నాయండీ’ అన్న కేక వినగానే ఆ తడబాటు పోయింది.

“ఆంటీ, ముక్కలు ఎన్ని గిన్నెలయ్యాయి?... ఎనిమిదా? అయితే ఆవపిండి అదే గిన్నెతో రెండు. కారం ఏ రకం తీసుకున్నారు?... తేజ అయితే రెండొద్దు, ఒకటిన్నర వేయండి, మంట ఎక్కువ. ఉప్పు రెండుకు కాస్త తక్కువ వేయండి, ఊరాక మూడోనాడు చూసి కావాలంటే కలుపుకోవచ్చు. మెంతులు గుప్పెడు. చెయ్యి పొడిగా ఉందిగా?... నూనె కాచొద్దు. పప్పునూనె పచ్చిదే.”

“బతికించావమ్మా,” అని ఆవిడ పెట్టేసింది. పెట్టేసి ఊరుకోకుండా తన చెల్లెలికి చెప్పింది కాబోలు, వెంటనే ఆ చెల్లెలు ఫోన్ చేసింది మాగాయ గురించి. శ్రీజ దానికీ చెప్పింది, గోడకు ఆనుకుని నిలబడి, కళ్లు సగం మూసుకుని, ఎవరో పక్కన కూర్చుని చెబుతుంటే వింటున్నట్టు.

ఫోను తిరిగిచ్చి ఆమె లోపలికి వెళ్లబోయింది. మాస్టారు గర్వం దాచుకోలేక, దాచుకోవడం తన విధి గనక, వియ్యంకుడి వైపు తిరిగి వినయంగా అన్నారు: “ఏదో చిన్నపిల్ల రాతలు బావగారూ. మీరేం పట్టించుకోకండి. జక్రయ్య తీసేస్తాడు.”

“బావగారూ, మీరిక ఊరుకోండి,” అన్నారు శశిభూషణ్ గారు.

పెళ్లిచూపుల రోజునుంచి ఇప్పటిదాకా ఆ ఇద్దరి మధ్య అంత మొరటు మాట పడలేదు.

“మా కోడలు రాసింది అది. మా ఇంటి పిల్ల రాసింది తీసేయడానికి మీరెవరండీ? నాలుగు రోజులుగా నోరు కట్టేసుకు కూర్చున్నాను, మీరేమనుకుంటారోనని. నా సైట్లో కారం ఫొటోలు తప్ప ఏముంది? చదవడానికి ఒక్క ముక్క లేదు.”

మాస్టారు మొహం నొచ్చుకున్నట్టు పెట్టడానికి శాయశక్తులా ప్రయత్నించారు. వల్ల కాలేదు. పెదవులు మాట వినలేదు. భుజంమీది కండువా తీసి, అవసరం లేకపోయినా మొహమంతా తుడుచుకున్నారు. “మీరలా అంటే నేనేమంటాను,” అన్నారు కండువాలోంచి.

జక్రయ్య వైరు చిక్కు ఠక్కున వీడిపోయింది. “అమ్మాయినే అడుగుదాం సార్, ఏం చేయమంటుందో.”

శ్రీజ గుమ్మంలోనే నిలబడింది. ముందు తండ్రిని చూసింది, తరవాత మామగారిని. “కూర్చో అమ్మా,” అన్నారు ఇద్దరూ. ఆమె కూర్చుంది, రెండోసారి చెప్పించుకోకుండా.

“కొట్టు ఒకటి చేయండి అంకుల్. ఒకే కారాన్ని రెండుచోట్ల అమ్మితే కొనేవాళ్లు ఏది మంచిదని అడుగుతున్నారు. పేజీలు మాత్రం ఎవరు ఎక్కడ దాచుకున్నారో అక్కడినుంచే దొరకాలి. ఫోన్లో దాచుకున్న పాత అడ్రసు నొక్కితే ఆవకాయ కావలసినవాళ్లకు ఆవకాయే రావాలి. ముందు గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలేస్తే లోపల వెతుక్కోలేరు.” కాస్త ఆగి అంది, “కొన్ని తీసేయాలి కూడా. అవి నేను తీస్తాను. తొమ్మిదో తరగతిలో మిరపకాయ మీద ఒక వ్యాసం రాశాను. అది ఎవరూ చదవకముందే పోవాలి.”

“అది బాగుంటుందే,” అన్నారు మాస్టారు.

“నాన్నా.”

ఆయన కండువా సర్దుకున్నారు.

“మరి పైన పేరు?” అన్నాడు జక్రయ్య. అన్నాక నాలుక కరుచుకున్నాడు. వియ్యంకులిద్దరూ ఒకరివైపు ఒకరు చెయ్యి చూపించడానికి సిద్ధమయ్యారు.

“ఏ కూరకు ఏ కారం, అంతే ఉండనీయండి,” అంది శ్రీజ. “మీ పేర్లు కింద.”

ఆ వారమంతా జక్రయ్య మరో పని పెట్టుకోలేదు. ఒకే బాణంతో అందరినీ ముందు గుమ్మానికి తోలేయడం ఒక్క నిమిషం పని. పేజీకి పేజీ చూసి, దేని బాణం దానికి గీయడం వేరే పని. వంకాయది వంకాయకు, దొండకాయది దొండకాయకు. పూర్తయ్యాక తన కళ్లను తను నమ్మక, ఎలీసమ్మ ఫోను ఆమె చేతికిచ్చి, పాత అడ్రసులు ఒక్కొక్కటే నొక్కించాడు. ఆమె పల్లీలు వలుస్తూ మధ్యమధ్య నొక్కింది.

“వంకాయ, వచ్చింది. పప్పు, వచ్చింది. గోంగూర... నువ్వుల పొడి వచ్చింది.”

“రాదు. సరిగ్గా చూడు.”

“నాకు గోంగూరకీ నువ్వులకీ తేడా తెలీదా అయ్యా?”

జక్రయ్య చూశాడు. నువ్వుల పొడే. ఒక వరస కిందికి జారింది, అక్కడినుంచి వరసగా నాలుగు తప్పాయి. గొణుక్కుంటూ సరిచేశాడు.

“ఇంకా నయం, బాణం చర్చివైపు తిప్పలేదు,” అంది ఎలీసమ్మ. ఆమె పల్లీలన్నీ వలవడం అయ్యేదాకా నొక్కించి, తప్పు లేదనిపించుకున్నాక గానీ అతను లేవలేదు.

కింద పేర్ల సంగతికి మాత్రం రెండు పూటలు పట్టింది. పక్కపక్కన పెడితే ఫోను తెరమీద ఒకటి పైకి, ఒకటి కిందికి వస్తున్నాయి. చివరికి ఎవరినీ అడక్కుండా ఒక ఉపాయం చేశాడు. పేజీ తెరిచిన ప్రతిసారీ పేర్లు తారుమారవుతాయి. ఒకసారి శశిభూషణ్, శేషాచలం. మరోసారి శేషాచలం, శశిభూషణ్. రంగు ఒకటే, లావు ఒకటే.

సైటు ఎక్కించిన పొద్దున మాస్టారు ఫోన్ చేశారు. “మా బావగారి పేరు ముందు పెట్టావు. బాగుంది జక్రయ్యా.” మళ్లీ పది నిమిషాలకు చేశారు. “ఇప్పుడు నాది ముందొచ్చిందేంటి?” గొంతులో కోపం వెతికినా దొరకలేదు. అదే పూట శశిభూషణ్ గారు పేజీని పదేపదే మూసి తెరుస్తున్నారని, ఎందుకని అడిగితే ‘ఊరికే, స్పీడు చూస్తున్నా’ అన్నారని శ్రీజ చెప్పింది.

అప్పగింతకు జక్రయ్య నరసరావుపేట వెళ్లాడు. హాల్లో శ్రీజ ముందు ల్యాప్‌టాప్ పెట్టి, కొత్త పేజీ ఎలా చేర్చాలో, తప్పు పడితే ఎలా వెనక్కి తీసుకోవాలో చూపించాడు. ఈసారి మాటలు తక్కువ. ఒకసారి తను చేసి, చెయ్యి తీసి, ఆమెచేత చేయించాడు. ఆమె బీరకాయ పచ్చడి గురించి కొత్తగా రాసినదాన్ని ఎక్కించింది. అత్తారింటి కొలతా, పుట్టింటి కొలతా రెండూ రాసి, ఏది మంచిదో చెప్పలేదు.

“ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చు,” అని జక్రయ్య వీధి తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు.

“మార్చాను అంకుల్.”

“లోపల మనుషుల పేర్లున్నచోట నా పేరుంటుంది. తీసెయ్.”

“మీ పేరెందుకు? రేపు ఏదైనా చెడితే?”

“చెడితే పిలువు, వస్తాను. చెడకపోతే నాతో పని లేదు. బోర్డు రాసినవాడు నిచ్చెన అక్కడే వదిలేసి వెళ్లడు.”

శ్రీజ అతని పేరు పక్కన నొక్కింది. నిజంగా తీసేయాలా అని తెర అడిగింది. ఆమె అతనివంక చూసింది, అతను తలూపాడు, ఆమె తీసేసింది. జక్రయ్య తన ల్యాప్‌టాప్‌లోంచి ఒకసారి లోపలికి వెళ్లడానికి ప్రయత్నించాడు. తలుపు తెరుచుకోలేదు. ఇంకోసారి కొట్టి చూశాడు. తెరుచుకోలేదు.

“సరిగ్గా ఉంది,” అని మూత మూసి, సంచి భుజాన వేసుకున్నాడు.